కడుపుతో ఉన్నప్పుడు తోటపని ఎంతవరకు? మట్టి, మందులు, బరువుల గురించి

ప్రశ్న: కుండీల తోట

నాకిప్పుడు పదో వారం. మిద్దె మీద నలభై దాకా కుండీలు, కింద పెరట్లో ఒక ఆకుకూరల మడి ఉన్నాయి. రోజూ గంట, గంటన్నర పని. మడిలోకి బయటి పిల్లులు వచ్చి మట్టి గీరి పోతుంటాయి. "ఈ తొమ్మిది నెలలు మట్టి ముట్టుకోవద్దు" అని కొందరు, "గ్లౌజులు వేసుకుంటే ఏమీ కాదు" అని కొందరు అంటున్నారు. రెండిట్లో ఏదీ పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు.

డాక్టరుగారు మామూలు పనులన్నీ చేసుకోవచ్చన్నారు. పిల్లుల వల్ల నిజంగా ఎంత ప్రమాదం, కొత్త పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపే మట్టి మిశ్రమం) సంచులు నేను విప్పొచ్చా, ఇంట్లో వేరేవాళ్ళు మందు కొడితే ఎంతసేపు దూరంగా ఉండాలి, ఏ బరువులు ఎత్తకూడదు అన్నవి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరా?

—

పెరటిమట్టి:

మట్టి మానేయక్కర్లేదండి. కానీ "గ్లౌజులుంటే చాలు" అనే మాట మిమ్మల్ని ఏమరుపాటులో పడేస్తుంది. పిల్లి మలం ద్వారా మట్టిలో చేరి, కడుపులో బిడ్డకు హాని చేయగల పరాన్నజీవి టాక్సోప్లాజ్మా. చర్మానికి మట్టి అంటినంత మాత్రాన అది సోకదు, నోట్లోకి పోవాలి. చేతికి మట్టి అంటినప్పటికంటే ఆ చేయి పెదవుల దగ్గరికి వెళ్ళినప్పుడే జాగ్రత్త కావాలి.

పిల్లి సంగతి ఇదీ. ఈ పరాన్నజీవి మొదటిసారి సోకిన పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో లక్షల కొద్దీ ఊసిస్టులను వదులుతుంది. ఇవి గట్టి పెంకు ఉన్న గుడ్ల లాంటివి. బయటికి వచ్చిన వెంటనే సోకవు, 1 నుంచి 5 రోజుల్లో పక్వమయ్యాకే సోకుతాయి. పెంపుడు పిల్లి పెట్టెను ఏ రోజుకారోజు వేరేవాళ్ళ చేత శుభ్రం చేయించమనేది అందుకే. మడిలో ఆ అవకాశం ఉండదు. మలం ఎండి, పొడై, తడికి కరిగి మట్టిలో కలిసిపోతుంది, కంటికి ఆనవాలు కూడా మిగలదు. నీడ, తేమ ఉన్న మట్టిలో ఊసిస్టులు ఏడాదికి పైగా బతుకుతాయి కాబట్టి "ఈ నెల పిల్లులు రావడం లేదు" అని ధీమా పడకండి. మీ మడి మట్టిలో అవి ఉన్నాయనే లెక్కలో పని చేయండి.

చాలామంది పొరబడేది ఇక్కడే: బ్లీచింగ్ నీళ్ళు, డెట్టాల్ లాంటివి ఊసిస్టులను చంపవు. వేడి చంపుతుంది. పనిముట్లకు అంటిన మట్టిని నీళ్ళతో కడిగి, మరిగిన నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

పిల్లులు పొడిగా, గుల్లగా ఉన్న మట్టిని వెతుక్కుంటాయి. ఖాళీ మడి దుక్కి చేసి వదిలేస్తే పిలిచి చోటిచ్చినట్టే. మడి మీద సుమారు ఒక అంగుళం కంతలున్న తీగ వలను నేలకు ఆనించి పరవండి, మొక్కలు కంతల్లోంచి పైకొస్తాయి, పిల్లికి గీరడానికి చోటుండదు. విత్తనాలు చల్లిన మొదటి రెండు వారాలు ఇది తప్పనిసరి. మలం కనిపిస్తే మీరు తీయొద్దు. తీసేవాళ్ళు చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మట్టితో సహా ఎత్తి, సంచిలో కట్టి చెత్తలో వేయాలి. కంపోస్టు గుంతలో వేయకూడదు.

ఎండిన మట్టిని తవ్వితే దుమ్ము లేచి ముక్కులో, నోట్లో పడుతుంది. కలుపు తీసే ముందు రోజు సాయంత్రం తడిపి ఉంచండి. దుమ్మూ లేవదు, కలుపు కూడా వేళ్ళతో సహా తేలిగ్గా వస్తుంది.

—

కుండీల తోట:

చాలా వివరంగా చెప్పారండి, కృతజ్ఞతలు. రెండు సందేహాలు. కడుపుతో ఉన్నానని తెలియకముందు నాలుగైదు వారాలు వట్టి చేతులతోనే మడి తవ్వాను. ఇప్పుడు ఏమైనా పరీక్ష చేయించుకోవాలా? ఇంకొకటి, గ్లౌజులు ఏ రకం కొనాలి? నా దగ్గర గుడ్డవే ఉన్నాయి.

—

నర్సమ్మ మాట:

పరీక్ష ఉంది, రక్తపరీక్షే. టాక్సోప్లాజ్మా సోకితే ఒంట్లో పుట్టే ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తారు. ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్ అయితే ఎప్పుడో సోకి తగ్గిపోయిందన్నమాట. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవాళ్ళకు అలాంటి పాత ఇన్ఫెక్షన్ వల్ల కడుపులో బిడ్డకు దాదాపు భయం ఉండదు. రెండూ నెగటివ్ అయితే ఇప్పటిదాకా సోకలేదని, ఇకముందు జాగ్రత్త పడాలని అర్థం. మరీ ఇటీవల సోకితే రక్తంలో కనిపించడానికి కొద్ది వారాలు పడుతుంది కాబట్టి, డాక్టరు రెండు మూడు వారాలాగి మళ్ళీ చేయమనొచ్చు.

ఐజీఎం పాజిటివ్ అని రిపోర్టు వస్తే అక్కడే కుప్పకూలిపోకండి. జబ్బు సోకిన తర్వాత ఐజీఎం నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా రక్తంలో ఉండిపోతుంది. అప్పుడు ఐజీజీ ఎంత గట్టిగా అతుక్కుంటుందో చూసే అవిడిటీ అనే ఇంకో పరీక్ష చేస్తారు. అవిడిటీ ఎక్కువగా ఉంటే సోకి కనీసం మూడు నాలుగు నెలలైనట్టు. పదో వారంలో ఆ ఫలితం వస్తే గర్భం రాకముందే సోకిందని తేలిపోతుంది. వారాలు గడిచేకొద్దీ ఆ మాట అంత గట్టిగా చెప్పలేం. అందుకే చేయించాలనుకుంటే ఇప్పుడే చేయించడం మేలు. వట్టి చేతులతో తవ్విన సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్న తేదీలతో సహా.

సోకినవాళ్ళలో చాలామందికి ఏమీ తెలియదు. కొందరికి మెడ దగ్గర బిళ్ళలు కట్టడం, కొద్దిగా జ్వరం, ఒళ్ళు నొప్పులు. మొదటి నెలల్లో తల్లి నుంచి బిడ్డకు పాకే అవకాశం తక్కువ, పాకితే జరిగే హాని ఎక్కువ. నెలలు నిండేకొద్దీ ఇది తిరగబడుతుంది. సమయానికి తెలిస్తే వాడే మందులు ఉన్నాయి.

ఇక గ్లౌజులు. గుడ్డవి పక్కన పెట్టేయండి. తడిసిన గుడ్డ మట్టినీళ్ళను చేతికి అంటిస్తూనే ఉంటుంది, లోపల ఆరదు, రేపు మళ్ళీ అదే వేసుకుంటారు. నైట్రైల్ పూత ఉన్నవో, వంటింట్లో గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే పొడవాటి రబ్బరువో తీసుకోండి. ముళ్ళ మొక్కలకైతే లోపల పలచటి నైట్రైల్, పైన తోలువి. వారానికోసారి వాటిలో నీళ్ళు నింపి నొక్కి చూడండి, వేలి కొనల దగ్గర సన్నటి చిల్లులు పడతాయి.

తీసే పద్ధతే అసలు ముఖ్యం. ముందు గ్లౌజులు వేసుకున్న చేతులనే కుళాయి కింద కడగండి. తర్వాత ఒక చేతిదాన్ని మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, లోపలిది బయటికి తిరిగేలా ఒలిచేయండి. రెండోదానికి వేళ్ళు మణికట్టు లోపలివైపు దూర్చి అలాగే తీయండి. ఆ తర్వాత వట్టి చేతులు సబ్బుతో 20 సెకన్లు. అరచేతిలో నురగ పెట్టుకుని, రెండో చేతి గోళ్ళను ఆ నురగలో గీకినట్టు రుద్దితే గోళ్ళ కింది మట్టి బయటికి వస్తుంది. ఉంగరం కింద గీత కట్టిన మట్టిని ఎవరూ చూసుకోరు, పనికి ముందే ఉంగరం తీసి పెట్టండి. గోళ్ళు కురచగా కత్తిరించుకోండి. ఇక్కడ శానిటైజరు పని చేయదు. మట్టిని అది తొలగించలేదు, ఊసిస్టులను చంపలేదు.

ఇంత చేసి కూడా దొరికిపోయేది ఫోను దగ్గర. మొక్క ఫొటో తీద్దామని గ్లౌజుతో ఫోను పట్టుకుంటారు, గంట తర్వాత అదే ఫోను చెంపకు ఆనుతుంది. చెమట తుడుచుకోవడం, నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకోవడం, నీళ్ళ సీసా మూత తీయడం కూడా ఇలాంటివే. ఫోను ఇంట్లో వదిలి వెళ్ళండి. జుట్టు ముందే కట్టేసుకోండి. నీళ్ళు తాగాలంటే ఆగి, చేతులు కడిగి తాగండి.

—

ఎరువు గుంత:

సంచుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ భాగం నేను చెబుతాను.

పాటింగ్ మిక్స్‌లో, కంపోస్టులో లీజియనెల్లా లాంగ్‌బీచే అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇది మట్టి నుంచి పీల్చే దుమ్ము ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఈ సంచుల మీద హెచ్చరిక ముద్రించి అమ్ముతారు. అరుదైన జబ్బే గానీ, కడుపుతో ఉన్నప్పుడు న్యుమోనియా వస్తే తట్టుకోవడం కష్టం. తప్పించుకునే పద్ధతి మాత్రం చాలా తేలిక.

ఎండలో మూతకట్టి ఉన్న సంచి లోపల ఆవిరి పట్టి వెచ్చగా ఉంటుంది. చింపి, వంగి, లోపలికి తొంగి చూడటం అందరికీ అలవాటు. అదే చేయకూడదు. బయలు ప్రదేశంలో, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, సంచిని మొహానికి దూరంగా పెట్టి, కత్తెరతో మూల కోయండి. కోసిన చోటు నుంచి లీటరో రెండు లీటర్లో నీళ్ళు మెల్లగా పోసి పదినిమిషాలు వదిలేయండి. దుమ్ము లేవనంత తడిసిన తర్వాతే కలపండి. ఎన్-95 మాస్కు వేసుకోండి, గుడ్డ మాస్కు సన్నటి దుమ్మును ఆపదు. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే విప్పడం, కలపడం వాళ్ళకు అప్పగించి, తడిసిన మిశ్రమాన్ని కుండీల్లో నింపే పని మీరు చేయండి. పైపుతో నీళ్ళు పెట్టేటప్పుడు కూడా మట్టి మీద ధార కొట్టి తుంపర లేపకండి, మొక్క మొదలు దగ్గర సన్నగా పోయండి. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన వేడి నీళ్ళను ముందు పక్కకు వదిలేయండి.

కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకను పొడిగా ఉండగా సుత్తితో పగలగొట్టడం ఇప్పుడు వద్దు. తొట్టిలో పెట్టి నీళ్ళు పోస్తే దానంతటదే విచ్చుకుంటుంది. 5 కిలోల ఇటుక నానితే అరవై డెబ్బై లీటర్ల దాకా ఉబ్బుతుంది, అంత తొట్టి ఇక మీరు కదపలేరు. ఎక్కడ వాడతారో అక్కడే నానబెట్టండి.

పశువుల ఎరువు పచ్చిది అసలు ముట్టుకోవద్దు. అందులో ఇ. కోలి, సాల్మొనెల్లా, లిస్టీరియా అనే బ్యాక్టీరియాలు ఉండొచ్చు. లిస్టీరియా కడుపుతో ఉన్నవాళ్ళను మామూలువాళ్ళ కంటే ఎక్కువగా పట్టుకుంటుంది, బిడ్డకు ప్రాణాంతకం కూడా అవుతుంది. గొర్రెలు, మేకల దగ్గరి నుంచి వచ్చే ఎరువుతో క్యూ జ్వరం (ఆ జంతువుల నుంచి సోకే బ్యాక్టీరియా జబ్బు) భయం ఉంది, ముఖ్యంగా అవి ఈనే కాలంలో. కుప్పగా వేసి కలియబెడుతూ మధ్యలో 55 డిగ్రీల పైన కనీసం పదిహేను రోజులు కాగిన ఎరువు చాలావరకు శుభ్రపడుతుంది. కుప్ప అంచులు అంత కాగవు, అందుకే కలియబెట్టడం. ఒకటి మరిచిపోకండి: వర్మీకంపోస్టు ఎప్పుడూ అలా కాగదు, కాగితే వానపాములు చచ్చిపోతాయి. నల్లగా, మెత్తగా, వాసన లేకుండా ఉంది కదా అని దాన్ని వట్టి చేత్తో పిసకకండి. పచ్చి పేడ వేసిన మడిలో పచ్చిగా తినే ఆకులు కోయాలంటే మధ్యలో కనీసం 120 రోజుల ఎడం ఉండాలి.

—

పచ్చని పందిరి:

మందుల విషయంలో అంత కంగారు అక్కర్లేదేమో. వేపనూనె, పొగాకు కషాయం లాంటి సహజమైనవి వాడితే సరిపోతుంది కదా? రసాయనాలు మానేస్తే చాలు.

—

ఆకుముడత:

పచ్చని పందిరి గారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ పొగాకు కషాయం మాట దయచేసి వెనక్కి తీసుకోండి. అందులో ఉన్నది నికోటిన్. తడి చర్మం గుండా త్వరగా లోపలికి పోతుంది. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు వాంతులు, తల తిరుగుడు రావడానికి కారణం అదే. మాయను దాటి బిడ్డకు చేరుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు కాచడానికి, వడకట్టడానికి, కొట్టడానికి ఎందుకూ దాని జోలికి పోకూడదు. ఆ ఆవిరి పీల్చడం కూడా వద్దు.

వేపనూనె అంత ఘోరం కాదు, కానీ దాన్ని లోపలికి ఇచ్చిన ప్రయోగాల్లో జంతువులకు గర్భం నిలవలేదు. మొక్కల మీద కొట్టేది పలచటి ద్రావణమే అయినా కొట్టే మనిషి తుంపర పీల్చుకుంటుంది. కాబట్టి వేపనూనె కూడా వేరేవాళ్ళే కొట్టాలి. బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ళ మందు), గంధకం పొడి లాంటివీ అంతే. "సేంద్రియం" అన్న మాట పంట గురించి చెబుతుంది, కొట్టే మనిషి ఊపిరితిత్తుల గురించి చెప్పదు.

అసలు రసాయనాలంటే ఎందుకు దూరం జరగాలో కూడా తెలియాలి. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, డైమిథోయేట్ ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్లు. పురుగు నరాల్లో కోలినెస్టరేస్ అనే ఎంజైమును కట్టేసి చంపుతాయి. అదే ఎంజైము మనకూ ఉంది, కడుపులో బిడ్డ నరాలకూ ఉంది. చర్మం గుండా ఎక్కుతాయి కాబట్టి "నేను పీల్చలేదు" అంటే సరిపోదు. సీసా మూత తీసి కొలిచేటప్పుడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మందు చిక్కగా ఉంటుంది. కాబట్టి "నేను కలిపిస్తాను, మీరు కొట్టండి" అనే సాయం వద్దు.

ఇంట్లో వాళ్ళు కొట్టాల్సి వస్తే: ముందు కిటికీలు మూసి, ఆరేసిన బట్టలు లోపల పెట్టుకోండి. మీరు ఆ పూట ఆవరణలో లేకుండా ఉంటే ఇంకా మంచిది. లేబుల్ మీద ఎంతసేపు మడిలోకి పోకూడదో రాసి ఉంటే అదే పాటించండి. అది రాయకపోతే కొట్టిన రోజంతా, మర్నాడు కూడా ఆ మొక్కల దగ్గరికి వెళ్ళకండి. ఆరిపోయింది కదా అని ఆకులు తడమకండి. కోతకు ఎన్ని రోజులు ఆగాలో వేరేగా రాసి ఉంటుంది, రెండూ ఒకటి కావు. కొట్టినవాళ్ళు బయటే చెప్పులు విడిచి, స్నానం చేసి లోపలికి రావాలి. వాళ్ళ బట్టలు మీరు ఉతకకూడదు, మిగతా బట్టలతో కలపకూడదు. స్ప్రేయరు కడగడం కూడా వాళ్ళ పనే.

నలభై కుండీలకు నిజానికి మందు అవసరం పడటం అరుదు. పేనుబంకకు నీళ్ళ ధారే మందు: కొమ్మను ఒక చేత్తో పట్టుకుని, ఆకు అడుగున గట్టిగా ధార కొట్టండి, మూడు రోజులకోసారి మూడు నాలుగు విడతలు. పడిపోయినవి చాలావరకు మళ్ళీ ఎక్కలేవు. పిండినల్లి అయితే కణుపుల దగ్గర దూదిలా కనిపిస్తుంది. లీటరు నీళ్ళలో టీస్పూను తేలికపాటి ద్రవ సబ్బు కలిపి, పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, గంట తర్వాత మంచినీళ్ళతో కడిగేయండి. సబ్బు అంతకంటే చిక్కగా కలిపినా, ఎండలో వాడినా ఆకుల అంచులు మాడతాయి. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు. మరీ పట్టిన కొమ్మను కోసి పారేయడమే ఉత్తమం.

—

పచ్చని పందిరి:

పొగాకులో ఇంత ఉందని ఆలోచించలేదండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదివేవాళ్ళు అది పాటించవద్దు.

—

మెత్తని పీట:

బరువుల గురించి. ముందు ఒక మాట: మాయ కిందికి ఉందని, గర్భసంచి ముఖం కురచగా ఉందని, కుట్టు వేశారని, బీపీ ఉందని, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే అవకాశం ఉందని డాక్టరు చెప్పి ఉంటే కింద రాసినవేవీ మీకు వర్తించవు. వాళ్ళు చెప్పిందే వినండి.

మిగతావాళ్ళకు కిలోల కంటే ఎలా ఎత్తుతారన్నది ముఖ్యం. కడుపుతో ఉన్నప్పుడు ఊరే రిలాక్సిన్ అనే హార్మోను వల్ల కీళ్ళను పట్టి ఉంచే పోగులు వదులవుతాయి. పొట్ట పెరిగేకొద్దీ బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం కుదరదు, చేతులు చాచి ఎత్తాల్సి వస్తుంది, ఆ భారమంతా నడుము మీదే పడుతుంది. అందుకే ఇదివరకు ఎత్తిన బరువే ఏడో నెలలో నడుము పట్టేస్తుంది. నేల మీంచి ఎత్తడం, నడుము తిప్పుతూ ఎత్తడం ఈ రెండూ ఇప్పటి నుంచే మానేయండి. తడి మట్టి నిండిన 12 అంగుళాల కుండీ ఇరవై కిలోల పైనే తూగుతుంది. దాన్ని జరపడం కూడా మీ పని కాదు, చక్రాల పలక మీద పెట్టించండి. నీళ్ళు లీటరుకు కిలో. పది లీటర్ల బకెట్టు ఒక చేత్తో మోస్తే ఒళ్ళు ఒక పక్కకు ఒరుగుతుంది. మూడేసి లీటర్ల క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకోవడం మేలు, పైపు ఉంటే అది ఇంకా మేలు. కానీ పైపు నేల మీద పాములా పడి ఉంటే కాలికి చుట్టుకుంటుంది. పొట్ట పెరిగాక మీకు మీ పాదాలు కనిపించవు. పని అయిన వెంటనే చుట్టి పెట్టించండి.

గొంతుక్కూర్చుని కలుపు తీస్తే కాళ్ళలో రక్తం నిలుస్తుంది. ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. నాలుగైదు నెలల మధ్య బీపీ సహజంగానే కాస్త తక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు ఇది ఎక్కువ. ఎత్తు పీట మీద, కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోండి. లేవాలంటే ముందు రెండు నిమిషాలు పాదాలు ఆడించి, ఏదైనా గట్టిదాన్ని పట్టుకుని లేవండి. కుండీలు నడుము ఎత్తు బల్ల మీద ఉంటే సగం కష్టం తీరినట్టే. నిచ్చెన, స్టూలు ఎక్కడం మాత్రం ఇప్పుడు అసలు వద్దు. పందిరి తీగలు వేరేవాళ్ళు కడతారు.

సమయం: ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు నీడలో విశ్రాంతి. పని చేస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలత. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆపేయండి. పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ చేయండి. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లో బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం మూసుకుంటుంది, అప్పుడు తల్లి ఒంటి వేడి 39 డిగ్రీలు దాటడం మంచిది కాదు. మీకు పదో వారం కాబట్టి ఆ దశ దాటింది. అయినా ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం ఏ నెలలోనూ మంచివి కావు. నీరు తగ్గితే పొట్ట బిగుసుకోవడం మొదలవుతుంది.

రక్తం కనిపించినా, నీరు కారినా, పొట్ట కాసేపటికోసారి లెక్కగా బిగుసుకుంటున్నా, గుండెలో నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలికలు తగ్గినట్టనిపించినా పని వదిలేసి వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు.

—

పెరటిమట్టి:

మిగిలిన రెండు మూడు సంగతులు కూడా చేరుస్తాను.

కుండీల కింది పళ్ళాల్లో నీళ్ళు నిలవనివ్వకండి. డెంగ్యూ, జికా మోసే ఏడిస్ దోమ నీటి అంచున పళ్ళెం గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు పారబోసినా గుడ్లు ఎండి నెలల తరబడి అలాగే ఉండి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి పళ్ళెం అంచులను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. నలభై పళ్ళాలు రుద్దడం కష్టం, నీరు ఎక్కువగా నిలవని మొక్కలకు పళ్ళాలే తీసేయండి. జికా కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది, దీన్ని చిన్న విషయంగా చూడకండి.

మడి పాత రంగు పెచ్చులు రాలే గోడ పక్కన ఉంటే ఆ మట్టిలో సీసం ఉండొచ్చు. సీసం కుళ్ళదు, కొట్టుకుపోదు, మాయను దాటుతుంది. అలాంటి చోట నేల మీద కాకుండా ఒక అడుగు లోతున్న తొట్లలో బయటి మట్టితో పెంచండి. గోడను మీరు గీకకండి.

చెప్పులు కాదు, పాదం మొత్తం మూసే బూట్లు వేసుకోండి. కొంకిపురుగు పిల్లలు వట్టి పాదాల చర్మంలోంచే లోపలికి దూరతాయి, రక్తం తక్కువవుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చేతి పార తగిలినా కుళాయి కింద సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగండి.

—

కుండీల తోట:

అందరికీ చాలా కృతజ్ఞతలండి. పరీక్ష గురించి రేపే డాక్టరుగారిని అడుగుతాను. సంచులు, మందులు, నిచ్చెన పనులు ఇంట్లోవాళ్ళకు అప్పగిస్తున్నాను. ఇక చివరిది ఒక్కటే: ఇప్పుడు మడిలో కోతకు వచ్చిన ఆకుకూర ఉంది. పిల్లులు తిరిగిన మడే. తినొచ్చా? ఉప్పునీళ్ళలో నానబెడితే చాలా?

—

నర్సమ్మ మాట:

ఉడికించి తినొచ్చు. పచ్చిగా వద్దు. ఉప్పునీళ్ళు, వెనిగరు ఊసిస్టులను ఏమీ చేయలేవు. కడగడం వల్ల అవి కొట్టుకుపోవాలి, అంతే. వేళ్ళూ, నేలకు తగిలిన కింది ఆకులూ తోటలోనే తీసి పడేయండి. ఇంటికి తెచ్చాక కట్ట విప్పి, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ముంచి కదిపి, ఆకులను పైకి ఎత్తి తీయండి. గిన్నెను వంచి నీళ్ళు పారబోస్తే అడుగున దిగిన మట్టి మళ్ళీ ఆకుల మీదికే వస్తుంది. అడుగున ఇసుక గరగర తగలనంత వరకు మూడుసార్లో నాలుగుసార్లో ఇలాగే చేసి, చివర కుళాయి ధార కింద ఒక్కొక్క గుప్పెడు తిప్పి కడగండి. కాడలు ఆకుతో కలిసే ఒంపులో మట్టి దాగుతుంది, అక్కడ వేలితో రుద్దండి. ఆ తర్వాత గిన్నె, కత్తి, పలక, తొట్టి సబ్బుతో కడిగి, మళ్ళీ చేతులు కడుక్కోండి. ఆకు పూర్తిగా మెత్తబడి, మధ్యలో కూడా ఆవిరి వచ్చేదాకా ఉడకనివ్వండి.